సెరేరు ముసలాయన

ముసలాయన అడగకుండానే కుండ మూత తీసి చేప తల అందుకున్నాడు.

సిర్రె చేతిలో గరిటె ఆగిపోయింది.

“ఏంటలా చూస్తావు? సెరేరు వాణ్ణి. జోలా ఇంటి కుండలో చేప తల నాదే” అన్నాడు నములుతూ.

సిర్రె నవ్వేసింది.

సెరేరు తెగకీ జోలా తెగకీ వేళాకోళపు వరస. ఎప్పుడో ఒక పడవ తుఫానులో రెండు ముక్కలై, చెరో ఒడ్డుకి కొట్టుకుపోయిన అక్కచెల్లెళ్ల సంతానమట. ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. కోపం మాత్రం తెచ్చుకోకూడదు. వరసైనవాడు ఏదైనా అడిగితే కాదనకూడదు.

“తిను, తిండిపోతు సెరేరూ. మీ ఊళ్లో చేపలన్నీ నువ్వే మింగేశావా?”

“మింగేశాను. అవునుగానీ ఆ గుడిసెలేంటి? మేకలకా?”

“తుబాబులకి. తెల్లవాళ్లు వచ్చి ఉంటారు.”

“మేకలే నయం, చెప్పిన మాట వింటాయి.”

గాంబియాకి వచ్చే తెల్లవాళ్లంతా ఉత్తరాన పెద్ద హోటళ్లలో దిగుతారు. ఇంత దూరం ఒక్కరూ రారని ఊరంతా అంది. సిర్రె వినలేదు. మట్టి తనే తొక్కింది. గడ్డి తనే కోసింది. మొదటి గుడిసె వానకి కూలితే, అదే మట్టి తీసి మళ్లీ తొక్కింది.

ఆమె కొడుకు అన్సుమానా ఈడువాళ్లు ఒక్కొక్కరే దొడ్డిదారి పడుతున్నారు. దొంగతనంగా పడవెక్కి, సముద్రం మీద యూరప్‌కి. కొందరు ఫోన్ చేశారు. చేయనివాళ్ల తల్లులు ఇప్పటికీ ఫోన్ తలకింద పెట్టుకునే పడుకుంటున్నారు.

వాడికి ఇక్కడే పని చూపించాలి. వానలు వెలిశాయి. ఇప్పుడు తుబాబులు రాకపోతే వాడు ఆగడు.

మర్నాడూ ముసలాయన వచ్చాడు. ఒడ్డున అన్సుమానా పక్కన కూర్చుని టీ కాచుకుంటూ మాట్లాడాడు. మధ్యమధ్య చెయ్యెత్తి సముద్రం చూపిస్తున్నాడు.

ఆ చెయ్యి లేచినప్పుడల్లా సిర్రె పని ఆపి అటే చూసింది.

“ఎవర్రా ఆయన?”

“పడవ మనిషమ్మా.”

“ఏ పడవ?”

“చేపల పడవే.”

చెబుతున్నప్పుడు వాడి కళ్లు నేల మీదున్నాయి.

మూడోనాడు ముసలాయన గుడిసెల చుట్టూ తిరిగాడు. గోడలు తట్టి చూశాడు. గిన్నె నింపుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

“సముద్రం ఆ హోటళ్ల ముందూ ఉందే, వెర్రి జోలా. దీనికోసం ఇంత దూరం ఎవడొస్తాడు? వెనక మడచెట్ల మధ్య పాయ ఉంది, అది చూపించండి.”

“చూపిస్తాంలే.”

“చూపించినా ఈ గుడిసెలు నిలవ్వు. నీ కొడుకుని నాకిచ్చెయ్. జోలావాడు ఎలాగూ నా బానిసేగా. పడవలో వేసుకుని పోతాను.”

ఇంకెప్పుడైనా అయితే సిర్రె అంతకు రెండింతలు తిట్టి నవ్వేది.

ఇప్పుడు గరిటె ఎత్తింది.

“లే. నా గుమ్మంలోంచి లే. పిల్లల్ని పడవలెక్కించి తల్లుల ఉసురు పోసుకునేవాడివి నువ్వు. నీకూ నాకూ వరసా లేదు, వేళాకోళమూ లేదు.”

పక్కింటి ఆవిడ దంచడం ఆపి బుగ్గలు నొక్కుకుంది. “వరసైనవాడి మీద కోపమా? తగులుతుందే సిర్రె, తప్పు.”

“తగిలితే తగలనీ.”

ముసలాయన నవ్వు ఆగింది. గిన్నె కింద పెట్టాడు. అందులో చేప తల ఇంకా సగం ఉంది.

“ఆ గరిటె దించకు తల్లీ” అన్నాడు. అలా పిలవడం అదే మొదలు. అన్సుమానా ఆయన్ని సాగనంపడానికి రోడ్డుదాకా వెళ్లాడు.

వాడు తిరిగి వచ్చేదాకా సిర్రె గుమ్మం కదల్లేదు.

వచ్చాడు. తిన్నగా వెళ్లి పడుకున్నాడు. తెల్లారేసరికి మాత్రం మూడో గుడిసె ఎక్కి గడ్డి కప్పుతున్నాడు.

అయినా ఆమె చాలాకాలం గుమ్మానికి అడ్డంగానే పడుకుంది. వాడు ఎక్కడికీ పోలేదు.

దారి తప్పిన జంట ఒకటి ముందుగా వచ్చింది. అన్సుమానా వాళ్లని చిన్న పడవలో పాయలోకి తీసుకెళ్లాడు. మడచెట్ల వేళ్లకి అంటుకున్న ఆల్చిప్పల్ని ఆడవాళ్లు కోస్తుంటే, ఆ ఇద్దరూ పొద్దు వాలేదాకా చూశారు. వాళ్లు మరికొందరికి చెప్పారు. మరుసటి ఏడాదికి పక్కింటావిడ కూడా రెండు గుడిసెలు లేపింది.

“ఆ సెరేరు ముసలాణ్ణి తరిమాను కాబట్టే నా కొడుకు నాకు దక్కాడు” అని సిర్రె కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకుంది.

ఆ వానలు వెలిశాక ఓ జాలరి వచ్చాడు. భుజం మీద పొడవాటి పాత తెడ్డు.

“మా సెరేరు ముసలాయన లతీర్ ఫాయ్ పోయాడు. ఇది జోలా కుర్రాడికి ఇమ్మన్నాడు.”

“ఆ పీడ మన ఇంట్లో వద్దు. పొయ్యిలో పెట్టు” అంది సిర్రె.

అన్సుమానా తెడ్డు అందుకున్నాడు. చేతులు అరిగినచోట నున్నగా మెరుస్తోంది. దాన్ని గుమ్మం పక్కన, పాయ పడవ తెడ్లతోపాటు ఆనించాడు.

“నువ్వనుకున్నవాడేనమ్మా.”

సిర్రె కొడుకు ముఖంలోకి చూసింది.

“దొడ్డిదారి పడవ ఆయనదే, చోటు కావాలని కబురంపింది నేనే, ఎవరి కొడుకునో చూసిగానీ ఎక్కించుకోనని మనింటికొచ్చి, నువ్వు గరిటె ఎత్తాక రోడ్డు మీద నా చెయ్యి పట్టుకుని, ‘మీ అమ్మ తెంచుకున్న ఆ వరస మీదే అడుగుతున్నాను, నా పడవే కాదు, ఎవరి పడవా ఎక్కనని మాటివ్వు’ అన్నాడమ్మా.”