శాశ్వత చిరునామా

“నువ్వు చెప్పాల్సింది ఒక్కటే. ఈ ఇల్లు నాది కాదని, అంతే!” అన్నాడు కృష్ణమోహన్, లాప్‌టాప్ ముందుకి కుర్చీ లాగుతూ.

“సరే” అంది రేణు.

అతని ఉద్యోగం టెక్సాస్‌లో, ప్లేనోలో. సంసారం కాలిఫోర్నియాలో, డబ్లిన్‌లో. టెక్సాస్‌లో జీతం మీద స్టేట్ టాక్స్ లేదు. కాలిఫోర్నియాలో వాయించేస్తారు. రెండేళ్లుగా తను టెక్సాస్ వాడినేనని రిటర్న్స్‌లో రాస్తున్నాడు. ఇప్పుడు కాలిఫోర్నియా టాక్స్ వాళ్లు పట్టుకున్నారు. పెళ్లాం పిల్లాడు ఇక్కడుంటే నీ ఇల్లు అక్కడెలా అవుతుందని. ఎక్కడ ఎన్ని రోజులున్నాడో లెక్క చూపించినా ఒప్పుకోలేదు. మీ ఆవిడతో మాట్లాడాలన్నారు.

స్క్రీన్ మీద ఆఫీసరమ్మ ప్రత్యక్షమైంది. కృష్ణమోహన్ కెమెరాకి కనపడకుండా పక్కకి జరిగి కూర్చున్నాడు.

“మీవారు ఈ ఇంటికి ఎప్పుడెప్పుడు వస్తారు?”

“నెలకోసారి. రెండు రోజులుంటారు. గెస్ట్ రూమ్‌లో పడుకుంటారు.”

బాగా చెప్పింది. కృష్ణమోహన్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. రేణు అటు చూడలేదు.

“మీ బాబు సంగతులు ఎవరు చూసుకుంటారు?”

“నేనే. మొన్న అద్వైత్ చెయ్యి విరిగితే ఎదురింటి రాజారావు అంకుల్ కార్‌లో తీసుకెళ్లారు. వాళ్ల నాన్నకి తీరిక దొరికేసరికి కట్టు కూడా కట్టేశారు.”

ఆ రోజు మీటింగ్ ఉండబట్టి గానీ, లేకపోతే రాకపోయేవాడా! కృష్ణమోహన్‌కి చురుక్కుమంది. అయినా కేసుకి పనికొచ్చే మాటేలే అని సర్దుకున్నాడు.

“చివరి ప్రశ్న. ఆయనకి ఎప్పటికైనా ఈ ఇంటికి తిరిగొచ్చే అవకాశం ఉందా?”

అసలు ముడి ఇక్కడే ఉంది. వస్తాడంటే ఇదే అతని ఇల్లని తేల్చేస్తారు.

“లేదండీ” అంది రేణు. “మేం విడిపోతున్నాం. ఫిబ్రవరిలో విడాకులకి ఫైల్ చేశాను.”

అతను అదిరిపడ్డాడు. నిన్నంతా కూర్చోబెట్టి నేర్పిన మాటల్లో ఇది లేదు. ఆపమని రెండు చేతులూ ఊపాడు.

“అలాగా. కేసు నంబర్ చెప్పగలరా?” అంది ఆఫీసరమ్మ.

అయిపోయింది! అనుకున్నాడు కృష్ణమోహన్. టాక్స్ పోతే పోయింది, స్టేట్‌తో అబద్ధమాడిన నేరం నెత్తికి చుట్టుకుంటుంది. రేణు మాత్రం తడబడలేదు. ఫోన్ తీసి, ఒక్కో అంకే నింపాదిగా చదివింది.

ఆఫీసరమ్మ రాసుకుంది.

“ఐ యామ్ సారీ, రేణూ. ఇక నేనడగాల్సిందేమీ లేదు.”

కాల్ కట్టయింది.

“నీకేమన్నా పిచ్చా?” కృష్ణమోహన్ ఒక్క ఉదుటున లేచాడు. “నమ్మిందనుకో, మంచిదే! కానీ రేపు కోర్టులో చెక్ చేస్తే? విడాకులంటే విడాకులన్నావు, మళ్లీ ఆ నంబర్ కూడా కల్పించడం దేనికి?”

రేణు లాప్‌టాప్ మూసింది.

“కల్పించలేదండీ. మీరిక్కడికి బయల్దేరిన రోజే మా లాయర్ కాగితాలు ప్లేనోకి పంపించాడు. మీ ఇల్లు అదేగా!”