ఎడమ మూల ఎవరిది?

"ఛీ, వాని పక్కనా? నాతోని గాదు" అంటూ యాకూబ్ చాయ్ కప్పును బల్ల మీద ఠప్పున పెట్టాడు.

పటాన్‌చెరువు బాట మీద, బొంబాయి లారీలు ఆగేచోట బాబా మియా చాయ్ హోటల్. ఊరి కబడ్డీ జట్టు అక్కడ చేరి పొద్దుటి నుంచీ ఒకటే పంచాయితీ. ఎడమ మూల ఎవరు ఆడాలి?

ఆదివారం సంగారెడ్డిలో ఆఖరి పోటీ. గెలిచినవాళ్లు జిల్లా జట్టుగా హైదరాబాద్ వెళ్తారు. ఓడినవాళ్లు ఇంటికి వచ్చి ఎడ్లు కడుక్కుంటారు. నిరుడు వీళ్లు ఓడింది ఆ ఎడమ మూల దగ్గరే. కూతకు వచ్చినవాడు గీత దాటి లోపలికి దిగగానే మూలవాడూ, వాడి పక్కవాడూ చేతులు కలిపి గట్టిగా పట్టుకోవాలి. నిరుడు మూల ఆడిన సంగయ్య చెయ్యి చెమటకు జారింది. ఆ సందులోంచే సంగారెడ్డివాడు బయటపడ్డాడు. హైదరాబాద్ ప్రయాణం కూడా ఆ సందులోంచే పోయింది.

ఇప్పుడు సంగయ్యకు మోకాలు వాచింది. ఇక మూల ఆడగలిగినవాడు ఊళ్లో ఒక్కడే. వాడు రోడ్డు అవతల కంకర కుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు గనక రాలేదు. పిలిచే ఉద్దేశం కూడా ఎవరికీ లేదు.

వాడి పట్టు అందరూ చూసిందే. మొన్న తాడు తెంపుకొని ఉరికిన కోడెను ఒంటి చేత్తో నిలబెట్టాడు.

"పట్టున్నది, కాదంటలే" అన్నాడు అంజన్న. "గని పుట్టిన ఇల్లేంది? వాళ్లు ఓ దిక్కు, మనం ఓ దిక్కు. ఒక్క బంతిల కూసొని ఎన్నడన్న తిన్నమా? మా నాయన ఆ దిక్కు పొయ్యొచ్చిన నాడు బువ్వ ముట్టకపోయేది."

"ఇల్లు అడిగి పుడ్తరా బేటా ఎవరన్న?" అన్నాడు బాబా మియా, చాయ్ వడకడుతూ. "కొత్త రాజ్యాంగం వచ్చె. అందరు ఒక్కటే అని సర్కారే చెప్పె. ఇంకా ఇదేంది?"

"సర్కారు కాయితం మీద రాసింది చాచా. చెయ్యి పట్టుకునేది మేము" అన్నాడు యాకూబ్. "ఆ చెయ్యి ముట్టినంక బువ్వ తినబుద్దైతదా?"

అసహ్యం చూడాలంటే ఆ ముఖాల్లో చూడాలి. తాగుతున్న చాయ్‌లో ఈగ కనబడ్డట్టు అందరి మూతులూ వంకర తిరిగాయి. ఎన్నికల మీటింగులో 'మనుషులంతా సమానం' అన్నప్పుడు చేతులు వాచేలా చప్పట్లు కొట్టింది వీళ్లే. మాటలు కోటలు దాటుతాయి.

జట్టు కెప్టెన్ నర్సింహులు తల పట్టుకున్నాడు. మూల పక్కన రెండో చోటు ఎప్పుడూ చిన్నరాములుదే. కానీ ఈసారి చిన్నరాములును అడగడానికి నర్సింహులుకు నోరు రాలేదు. అందుకే ఆ చోటుకు మారమని యాకూబ్‌ను అడిగాడు. అంజన్నను అడిగాడు. ఇద్దరూ ఛీ కొట్టారు. నర్సింహులు తన చాయ్ సగం సాసర్‌లో పోసి, పక్కనే కూర్చున్న చిన్నరాములు వైపు జరిపాడు. చిన్నరాములు ఊదుకుంటూ తాగాడు.

బాబా మియాకు విసుగొచ్చింది. కంకర కుప్ప వైపు చెయ్యి ఊపి వాణ్ని పిలిచి, ఒక కప్పు చాయ్ ఇచ్చాడు.

వాడు బల్ల మీద కూర్చోలేదు. నిలబడే తాగాడు. తొట్టి దగ్గరికి వెళ్లి కప్పు తనే కడిగాడు. మిగతా కప్పులకు దూరంగా బోర్లించాడు.

"ఆ కప్పుల నాకు పొయ్యకు చాచా" అన్నాడు యాకూబ్, వాడికి వినబడేటట్టే.

వాడు విన్నాడు. తల ఎత్తలేదు.

"నేను ఆడకున్నా మంచిదే. మీరు గెలువున్రి" అని మళ్లీ కంకర కుప్ప వైపు నడిచాడు.

ఎవరూ ఆగమనలేదు. అంజన్న అటు చూసి ఉమ్మేశాడు కూడా.  బాబా మియా చేతిలో అల్లం దంచే రాయి ఉంది. ఎవరి మీద వెయ్యాలో తెలియక దాంతో అల్లమే దంచాడు.

చిన్నరాములు సాసర్ కింద పెట్టి లేచాడు.

"నువ్వొద్దు చిన్నరాములూ" అన్నాడు నర్సింహులు గబుక్కున. "ఎవరు పట్టినా పట్టకున్నా, నువ్వు మాత్రం పట్టే పని లేదు. సంగయ్యనే కుంటుకుంట ఆడనీ. ఓడితే ఓడుదం."

"నిరుడు జారింది నా చేతులకెంచే గద" అన్నాడు చిన్నరాములు. "ఏడాది సంది నాకు నిద్ర సక్కగ పడ్తలేదు. మళ్ల జారనియ్య."

"ఇంట్ల మీ నాయనకు ఏమని జెప్తవ్?"

చిన్నరాములు పంచె ఎగ్గట్టుకున్నాడు. రోడ్డు దాటి కంకర కుప్ప దగ్గరికి వెళ్లి, వాడి ఎదురుగా నిలబడ్డాడు. హోటల్‌లో అందరూ లేచి చూస్తున్నారు. యాకూబ్ చాయ్ చల్లారిపోతోంది.

"నాకు గూడ రోతనే పుడ్తున్నది" అన్నాడు చిన్నరాములు. "అయినా చెయ్యి ఇటు తే. కూత ఆగేదాక ఇడిసినవో, సూడు మల్ల."

వాడు కోడెను ఆపిన ఆ చెయ్యి చాచాడు. 

తండ్రి వీపు మీద గడీ కొరడా వాతలు చూస్తూ పెరిగిన మాదిగవాడ చిన్నరాములు, ఆ గడీ దొర కొడుకు చేతిని గట్టిగా పట్టుకున్నాడు.