నాలుగు రోజుల తాళం

ఆ రోజు మొదటి గుద్దుకే పన్ను ఊడి, ఉతికిన దుప్పట్ల బుట్టలో పడింది.

"తెల్ల దుప్పట్లురా అవి!" అని లాండ్రీ యజమాని లబోదిబోమన్నాడు. ఆయన బాధంతా మరక గురించే. "బుట్ట అవతలికి లాగి కొట్టు."

ఇస్త్రీ అనే మనిషి బుట్టను కాలితో నెట్టి, ఈసారి ట్రేడర్ డొక్కలో గుద్దాడు. ఆవిరి ప్రెస్సు దగ్గర పనిచేస్తాడు కాబట్టి అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. యజమానికి గిట్టని మనుషుల్ని చదును చేసే పని కూడా అతనిదే. చుట్టూ వాషింగ్ మెషీన్లన్నీ ఒకేసారి గిరగిరా తిరుగుతున్నాయి. కుర్చీకి కట్టేసి ఉన్న ట్రేడర్ అరుపు తలుపు కూడా దాటలేదు.

"ఈ మధ్యాహ్నం వాల్ట్ తాళం తెరుచుకుంటుంది, డబ్బు తీసుకుని నన్ను వదిలెయ్యండి అన్నావా లేదా?" యజమాని గర్జించాడు. "ఇస్త్రీ, ఏముందో చదువు."

ఇస్త్రీ యజమాని ఫోను చూసి, "ఇంకా నాలుగు రోజులుందంటోంది బాస్" అన్నాడు.

ట్రేడర్‌కి ఒక కన్ను నిన్ననే మూసుకుపోయింది, రెండో కంటితో చూశాడు. నిజమే. డబ్బు వెనక్కి తీసుకునే బటన్ బూడిదరంగులో చచ్చిపడి ఉంది. ఈ గదిలో దెబ్బలు తింటూ అతను ఎదురుచూసింది ఆ బటన్ కోసమే.

"మాయ చేస్తున్నావు. ఆ వాల్ట్ సంగతేంటో మళ్ళీ చెప్పు. ఒక్క ముక్క తేడా వచ్చిందో!"

"అందరి డబ్బూ నేను నడిపే ఒకే ఆన్‌లైన్ ఖజానాలో కలుస్తుంది సార్." ట్రేడర్ నెత్తురు ఉమ్మి చెప్పాడు. "దాంతో నేను ట్రేడ్ చేస్తా. లాభమైనా నష్టమైనా ఎవరి వాటా కొద్దీ వాళ్ళకి. లాభంలో నాకు పదో వంతు. అంతే తప్ప, అందులోంచి చిల్లిగవ్వ కూడా నేను బయటికి తీయలేను. ఎవరి వాటా వాళ్ళే తీసుకోవాలి. వేసిన నాలుగు రోజులకు తాళం తెరుచుకుంటుంది. మధ్యలో మళ్ళీ ఏమైనా వేస్తే, మొత్తానికీ నాలుగు రోజులు మొదట్నుంచి. మీరేమైనా వేశారా సార్?"

"వేసేంత వెర్రివెధవలా కనిపిస్తున్నానా?" యజమాని ముఖం కందగడ్డలా అయింది. "ఇస్త్రీ! వీడి చెయ్యి ప్రెస్సులో పెట్టు."

"ఎడమ చెయ్యి పెడతా బాస్. కుడి చెయ్యి ట్రేడింగ్‌కి కావాలి. నిన్న మార్కెట్ పడిపోతుంటే మీ డబ్బు కాపాడింది ఆ చెయ్యే."

యజమాని ఆలోచించాడు. "సరే, ఎడమదే."

ప్రెస్సు మూత దిగింది. ఆవిరి బుస్సుమంది. రెండు వేళ్ళు మాత్రమే లోపల ఉన్నాయి, కానీ ట్రేడర్‌కి ఒళ్ళంతా అందులోనే నలిగినట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. మళ్ళీ తెలివి వచ్చేసరికి యజమాని లేడు. ఇస్త్రీ ఎదురుగా కూర్చుని, అతని చేతికి తడి తువ్వాలు చుడుతున్నాడు.

"నా లెక్క తప్పదన్నా" ట్రేడర్ ఏడుస్తూ అన్నాడు. "ఇవాళ తెరుచుకోవాలి. ఎందుకు తెరుచుకోలేదో అర్థం కావట్లేదు."

"నీ లెక్క తప్పలేదులే. బాస్‌కి చిన్న అక్షరాలు ఆనవు, ఫోను నా దగ్గరే ఉంటుంది. ఆయన ఖాతాలో మిగిలిన చిల్లర కొంచెం పొద్దున వాల్ట్‌లో వేసింది నేనే."

"నువ్వా!" ట్రేడర్‌కి ఒళ్ళు మండిపోయింది. "ఇవాళ ఇంటికి పోయేవాణ్ణి కదా! నా వేళ్ళు కూడా మిగిలేవి!"

"ఇంటికా?" ఇస్త్రీ నవ్వాడు. "మా ముఖాలు చూసినవాణ్ణి ఇంటికి పంపిస్తారా? డబ్బు చేతికి రాగానే నిన్ను బాయిలర్ వెనక పాతెయ్యమన్నాడు బాస్. గొయ్యి కూడా తవ్వేశా."

ట్రేడర్ ఒంటి కంట్లో నీళ్ళు తిరిగాయి. ఇంతసేపూ తనని చావగొట్టిన మనిషే తన ప్రాణం కాపాడాడా? "నీ మేలు మర్చిపోలేనన్నా" అన్నాడు.

"అంత సీను లేదు. నా డబ్బు కూడా నీ వాల్ట్‌లోనే ఉంది. బాస్‌కి తెలీదు. నువ్వు పోతే ట్రేడ్లు చూసేవాడు ఉండడు, నాది కూడా మునుగుతుంది. నా తాళం రేపు తెరుచుకుంటుంది. నాది నేను తీసుకుని ఈ కొలువుకో దణ్ణం పెట్టి పోతా." ఇస్త్రీ తువ్వాలు ముడి బిగించాడు. "పోయేముందు నీ పని కూడా చూసే పోతాలే. బతికుంటే ఈ కబురు బాస్ చెవిన వేస్తావు కదా."

ట్రేడర్ గది చుట్టూ చూశాడు. అరిస్తే ఆ అరుపు మెషీన్లు మింగేస్తాయి. బతిమాలితే ఇతను వినడు. రేపటి తర్వాత తనకి ఇంకో రోజు లేదు.

"కుడి చెయ్యి విప్పన్నా" అన్నాడు నెమ్మదిగా. "ట్రేడ్లు చూడాలి. నీ డబ్బే కదా."

ఇస్త్రీ కట్టు విప్పి, లాప్‌టాప్ ముందుకు జరిపాడు. తెర మీద అంకెలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. పొద్దున పెట్టిన ట్రేడ్ పైకి పోతూనే ఉంది. ట్రేడర్ దానికి మరికొంత కలిపాడు. వాల్ట్ లాభం ఇస్త్రీ కళ్ళ ముందే పెరిగింది. ఆ మొరటు మనిషి మరీ దగ్గరికి వంగి, తన వాటా ఎంతయిందో చూసుకుని గుటక వేశాడు.

"ఇదే ఊపు నాలుగు రోజులు ఉంటుందనిపిస్తోంది." ట్రేడర్ తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "రేపు తీసేసుకుంటానంటే నీ ఇష్టం. నీ దగ్గర ఇంకేమైనా ఉంటే మాత్రం, వేయడానికి ఇదే సమయం."

ఇస్త్రీ తలుపు వైపు చూశాడు. బాయిలర్ వైపు చూశాడు. మళ్ళీ ఆకుపచ్చ అంకెల వైపు చూశాడు.

"నాలుగు రోజులేగా" అంటూ జేబులోంచి తన ఫోను తీశాడు.