ఎక్స్‌రేలో పడని నొప్పి

“ఎముకలు గట్టిగానే ఉన్నాయంటున్నారుగా డాక్టరుగారూ, మరి దీనికి నొప్పి ఎక్కణ్ణుంచి ఊడిపడుతోంది?”

మేనత్త కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. లేస్తోంది, మళ్ళీ కూలబడుతోంది. ఆమె కుట్టు దుకాణంలో బడి యూనిఫాంల గుడ్డ కుప్పపడి ఉంది. దాన్ని కత్తిరించాల్సిన మేనకోడలు ఒళ్ళునొప్పులంటూ మళ్ళీ సెలవడిగింది. ఈసారి సంగతేంటో తేల్చుకుందామని అత్తే వెంటబెట్టుకొచ్చింది.

“సాకులు కావత్తా,” గొణిగింది మేనకోడలు.

“నువ్వూరుకో. నా మోకాళ్ళు అరిగిపోయాయని ఎక్స్‌రే చూస్తే చంటిపిల్లకైనా తెలుస్తుంది. అయినా మెషిను తొక్కడం మానానా?”

డాక్టరమ్మ మేనకోడలి మోకాళ్ళు వంచి చూసింది. వాపు లేదు, కదిపితే చప్పుడు లేదు. భుజాల మీద, మెడ కింద, నడుం పక్కన వేలితో మెల్లగా నొక్కింది. నొక్కిన ప్రతిచోటా అమ్మాయి విలవిల్లాడింది.

“మీది కీళ్ళ అరుగుదలండీ,” అంది డాక్టరమ్మ అత్తతో. “అరిగినచోటే నొప్పి. పనిచేస్తే పెరుగుతుంది, కాళ్ళు చాపుకుంటే తగ్గుతుంది. ఈ అమ్మాయిది ఫైబ్రోమయాల్జియా. కీళ్ళు బాగానే ఉంటాయి, కానీ నరాలు నొప్పిని పెద్దది చేసి చెబుతాయి. నెలల తరబడి ఒళ్ళంతా నొప్పే. ఎక్స్‌రేలో పడదు, రక్తపరీక్షలో దొరకదు.”

“దొరకనిదాన్ని ఉందని ఎలా నమ్మడం?”

“అడిగి, విని, చేత్తో చూసి, వేరే జబ్బు కాదని తేల్చుకుని.”

అత్త కిటికీ దాకా వెళ్ళి గిర్రున వెనక్కి తిరిగింది.

“రాత్రంతా పడుకుని లేచినా ఒళ్ళు రుబ్బినట్టే ఉంటుందా?”

“ఉంటుంది.”

“పని చేతిలో పెట్టుకుని, ఏం చేస్తున్నామో మరిచిపోవడం?”

“అదీ ఉంటుంది.”

“పెళ్ళికాని పిల్లకి కూడా వస్తుందా ఇది?”

“ఏ వయసులోనైనా రావచ్చు.”

ప్లీడరులా ఒక్కో ప్రశ్నా వేస్తుంటే, తనని అబద్ధాలకోరుగా తేల్చడానికేననిపించి మేనకోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నమ్మకపోతే పనిలోంచి తీసెయ్యత్తా. ఈ ఆరాలు మాత్రం వద్దు.”

అత్త వచ్చి మళ్ళీ కుర్చీ అంచున కూర్చుంది.

“మందు రాస్తున్నాను,” అంది డాక్టరమ్మ. “నిద్ర సరిచేసుకోవాలి. రోజూ కాస్త కాస్తగా నడక పెంచాలి. కత్తిరింపు ఒకేసారి కాకుండా ఆగి ఆగి చెయ్యాలి. అన్నిటికంటే ముందు, ఇంట్లోవాళ్ళు నమ్మాలి.”

“ఇంట్లోవాళ్ళు...” అంది అత్త. వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. మేనకోడలి చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, నొక్కకుండా, ఊరికే పట్టుకుంది.

“అయితే దీని వయసులో నేనూ నాటకాలాడలేదన్నమాట.”