పంజరం పోటీకి పథ్యం

“ఇంకో రెండు తినండి సత్యప్రసాద్ గారు. పూతరేకులంటే కాగితాలండి. కాగితాలకి బరువేంటి?”

అంటూనే హరిబాబు నాలుగు వేశాడు. సత్యప్రసాద్ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ సందులోంచి ఇంకోటి పడింది. విశాఖ నుంచి వచ్చిన ఆ మనిషి చెవులు రెండూ నలిగిపోయి పునుగుల్లా ఉన్నాయి. పంజరంలో దిగి కొట్టుకునేవాళ్ళ చెవులు అలాగే ఉంటాయని హరిబాబు ఫోన్లో చూసి తెలుసుకున్నాడు.

“నువ్వూ తిను దుర్గా. అతిథిని ఒక్కణ్ణే కూర్చోబెట్టి తినిపిస్తే ఇంటి పరువేం కాను? నాకు చూస్తే షుగరాయె.”

కూతురు దుర్గాశ్రీ మొహం చిట్లించుకుంటూనే కంచంలో పడ్డవన్నీ తినేసింది. బ్యాంకు కోచింగని రోజూ రాజమండ్రి బస్సెక్కి ఆ పిల్ల చిక్కి సగమైంది. కంప్యూటర్ మీద కొట్టి కొట్టి వేళ్ళు నొప్పులంటూ టేపు కూడా చుట్టుకుంటోంది. ఈ వంకన దాని ఒంటికి కాస్త కండ పట్టినా మంచిదేననుకున్నాడు హరిబాబు. అసలు ఆనందం మాత్రం వేరే ఉంది.

‘డెల్టా పంజరం’ అంటే రెండు గోదావరి జిల్లాల్లోనూ పేరు మోసిన పోటీలు. ఇనప కంచె లోపల ఇద్దరు మనుషులు గుద్దుకోవచ్చు, తన్నుకోవచ్చు, మెడ పట్టి పడెయ్యొచ్చు. భీమవరంలో రొయ్యల చెరువులున్న ఆదినారాయణరాజు ఐదేళ్ళుగా వీటిని నడిపిస్తున్నాడు. మొదటి ఏడు జనం కొబ్బరిచెట్లెక్కి చూశారు. పోయిన ఏడు ఖాళీ కుర్చీల మీద కాళ్ళు చాపుకుని ఫోన్లు చూసుకున్నారు.

దాంతో హరిబాబు రావులపాలెం మార్కెట్లో అరటిగెలల మధ్య నిలబడి తీర్పు చెప్పేశాడు.

“పంజరం పనైపోయిందండి రాజుగారు. ఇద్దరూ వాటేసుకుని కింద దొర్లడం చూడ్డానికి టిక్కెట్టెందుకు? బస్టాండుకెళ్తే చుట్టాలు ఊరికే వాటేసుకుంటారు.”

“అమెరికా వాళ్ళ పోటీలకే పనైపోయిందంటున్నారు, నేనెంతండి. ఈసారి మెయిన్ ఫైట్ చూసి మాట్లాడండి,” అన్నాడు రాజు.

“ఆ ఫైటే గనక సవ్యంగా జరిగితే నా మీసం తీసేసుకుంటాను.”

అన్నాక మీసం తడుముకున్నాడు. ముప్పై ఏళ్ళుగా పెంచిన మీసం. మార్కెట్లో సగం మందికి అతని పేరు తెలియదు, మీసాల హరిబాబంటేనే తెలుసు. అది లేని మొహంతో గెలల బేరానికి వెళ్తే గుర్తుపట్టేవాడెవడు? పోస్టర్లో చూస్తే ‘గోదావరి సుడి’ అని ఒక పేరు, నీడలో ఒక మొహం, అంతే.

సరిగ్గా అప్పుడే దుర్గాశ్రీ కబురు తెచ్చింది.

“నాన్నా, రాజుగారి మెయిన్ ఫైట్ కోసం విశాఖ నుంచి ఒకాయన వచ్చారు. పెళ్ళిళ్ళ వల్ల లాడ్జీలు ఖాళీ లేవంట. రెండ్రోజులు మనింట్లో ఉంచుదామా?”

“నీకెలా తెలుసమ్మా?”

“మా కోచింగ్ పక్కనే కదా రాజుగారి పోటీల ఆఫీసు. ఎల్లుండి పొద్దున తూకమంట. ఇద్దరి మధ్యా రెండు కిలోలు మించి తేడా ఉంటే పోటీ రద్దంట. తిండి దగ్గర కాస్త జాగ్రత్తగా ఉండాలి.”

హరిబాబు మీసం దానంతటదే లేచింది.

“ఇంటికొచ్చినాయనకి పథ్యమేంటమ్మా. మన గోదావరోళ్ళ పరువు తియ్యకు.”

ఇక అతని భార్య పాపాయి పొయ్యి ఆర్పలేదు. పెసరట్టు మీద ఉప్మా, ఉప్మా మీద నెయ్యి. మధ్యాహ్నం రొయ్యల ఇగురు, పనసపొట్టు కూర, చెంచా నిలబడే పెరుగు, అందులోకి చక్రకేళి. సత్యప్రసాద్ ఏదో చెప్పబోయినప్పుడల్లా “ముందు భోంచెయ్యండి, కబుర్లు తర్వాత” అని హరిబాబు మరో గరిట వేసేవాడు. భోంచేస్తున్న మనిషిని నీ పనేంటని అడగడం ఆ ఇంట్లో తప్పు. రెండు రోజులూ సత్యప్రసాద్ భోంచేస్తూనే ఉన్నాడు కాబట్టి అడిగే సందర్భమే రాలేదు.

తూకం రోజు పొద్దున కల్యాణ మండపం కిటకిటలాడింది. దుర్గాశ్రీ కోచింగుందని ముందే వెళ్ళిపోయింది. ఎందుకైనా మంచిదని రాజు, సెలూన్ చిట్టియ్యని కుర్చీతో సహా తెచ్చి తూకం పక్కనే నిలబెట్టాడు.

“ఆ కుర్చీ వెనక్కి పంపించెయ్యండి రాజుగారు. ఇంత జనం రావడం ఇదే ఆఖరు,” అన్నాడు హరిబాబు.

“చూద్దాం లెండి. కాకినాడ ఫైటర్ తూకం అయిపోయింది. ఇక మావాళ్ళదే.”

హరిబాబు సత్యప్రసాద్ వీపు తట్టాడు. “ఎక్కండి, మొహమాటమెందుకు?”

“నేనెందుకండీ ఎక్కడం? నేను కోచ్‌ని.”

మీసం దువ్వుతున్న హరిబాబు చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“నాలుగు రోజుల కిందట మా ఫైటర్ మూడు కిలోలు తక్కువండి,” అన్నాడు సత్యప్రసాద్. “ఇంకో ముద్ద తినమంటే ఏడుపే. పోటీ రద్దే అనుకున్నాం. మీ దయవల్ల గట్టెక్కాం.”

“నా దయేంటండీ? నా ఇంట్లో తిన్నది మీరు కదా.”

“ఆయ్, నేనూ తిన్నానండి,” అని సత్యప్రసాద్ పొట్ట నిమురుకున్నాడు.

మైకులో ‘గోదావరి సుడి’ అని పిలిచారు. జనం లేచి నిలబడ్డారు. చిట్టియ్య కత్తికి కొత్త బ్లేడు వేశాడు. వేదిక మీది తెరను టేపు చుట్టిన వేళ్ళు పక్కకి లాగాయి.

దుర్గాశ్రీ తూకమెక్కింది.