కూర్మయ్య మాస్టారి మారని పాఠం

అనగనగా ఒక వాగు. వాగంటే ఇప్పటిలా ఇసుక కాదు, నీళ్ళున్న వాగు. దాని ఒడ్డున కూర్మయ్య మాస్టారనే తాబేలు బడి నడిపేవారు. తాతముత్తాతల నాటి నుంచీ ఆ బడిలో పాఠం ఒక్కటే.

“ఆపద వస్తే కాళ్ళూ తలా లోపలికి లాక్కుని కదలకుండా ఉండాలి. సత్యం మారదు, కనుక పాఠమూ మారదు.”

కుందేలుపిల్ల చెంగి ఎంత ముడుచుకున్నా చెవులు బయటే ఉండిపోయేవి.

“మాస్టారూ, మాకు డిప్ప లేదు కదండీ?”

“అది నీ లోపం, పాఠం లోపం కాదు. ముందు ఆ చెవులు దించు!”

ఉడుతా కౌజుపిట్టా కిసుక్కున నవ్వాయి.

సరిగ్గా పరీక్షనాడు పొదల్లోంచి నక్క వచ్చింది. మాస్టారు డిప్పలోకి వెళ్ళిపోయారు. పిల్లలన్నీ పాఠం ప్రకారం ఉండల్లా ముడుచుకున్నాయి. నక్క ఊపిరి చెవులకు వెచ్చగా తగిలేసరికి చెంగి చదివిందంతా మరిచిపోయింది.

“పరుగెత్తండర్రోయ్!” అంటూ ఒక్క దూకు దూకింది. ఉడుత చెట్టెక్కింది, కౌజుపిట్ట ఎగిరిపోయింది.

నక్క నిట్టూర్చి డిప్ప మీద తట్టింది. “గురువుగారూ, మీ పాఠం అమోఘం. ఈ కాలం పిల్లలకే చదువంటే గౌరవం లేదు.”

తల బయటికి రాలేదు గానీ గొంతు వచ్చింది.

“దాని విలువ తెలిసినవాడివి నువ్వొక్కడివే నాయనా. ఆ ముగ్గురూ పరీక్ష తప్పారు. రేపు మళ్ళీ ఇక్కడే కూర్చోబెడతాను. పర్యవేక్షణకు నువ్వే రావాలి.”