ఎడమ పక్క కుర్చీ

"నేనింటికి పోతున్నా వదినా. మీ తమ్ముణ్ణి మీరే చూసుకోండి," అంటూ ఆవిడ సంచీలో బట్టలు కుక్కింది.

భర్తను వార్డుకి మార్చి రెండు రోజులైంది. ఆవిడ మంచానికి ఎడమవైపు కూర్చుంటే ఆయన ఒక్కసారీ తల తిప్పలేదు. కుడివైపు కూర్చున్న అక్కతో మాత్రం మాట్లాడుతున్నాడు.

"పక్షవాతం వచ్చింది చేతికా, కళ్ళకా? పెళ్ళాం మొహం అప్పుడే చేదైపోయింది దొరగారికి!"

వదిన ముసిముసిగా నవ్వింది. "ఎవరి మీద ప్రేముందో ఇలాంటప్పుడే బయటపడుతుందిలే."

పరీక్ష చేయడానికి వచ్చిన నర్సు గీతలున్న కాగితం ఆయన ముందు పెట్టి, అన్నిటినీ కొట్టేయమంది. కుడి సగంలోవి కొట్టేసి ఆయన పెన్ను కింద పెట్టాడు.

"అయిపోయాయా?"

"అన్నీ అయిపోయాయి."

ఎడమ సగంలో ఒక్క గీతనూ ముట్టుకోలేదు.

నర్సు కాగితాన్ని ఆవిడకి చూపించింది. "కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. దెబ్బ తగిలింది మెదడుకి. ఎడమ పక్కంటూ ఒకటుందనే ఆయనకి తెలియడం లేదు, అటునుంచి మాట వినిపించినా పట్టదు. ఒకసారి ఇటు రండి."

ఆవిడ మంచం చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళింది.

"ఇంతకాలం ఎక్కడ చచ్చావే?" అన్నాడాయన. "రెండు రోజుల్నుంచి అక్క వాగుడు వినలేక చస్తున్నా."

వదిన నవ్వు ఆగిపోయింది.

"ఈ పూటకి ఇక్కడే కూర్చోండి," అంది నర్సు. "రేపట్నుంచి మళ్ళీ ఎడమవైపే. మిమ్మల్ని వెతుక్కుంటూ ఆయన తల తిప్పడం నేర్చుకోవాలి."

"నేర్చుకోనీ," అంది ఆవిడ. "ముప్పై ఏళ్ళలో ఒక్కనాడూ వెతుక్కున్న పాపాన పోలేదు."